ఐదు హార్స్‌పవర్ తగువు

ఈ సంవాదంలో మేస్త్రీ కల్పితం, ఆయన మేనల్లుడు కల్పితం, మధ్యలో ఇరుక్కున్న రైతూ కల్పితమే. ఇంజన్ మాత్రం నిజం. ఒక్క సిలిండరు, నిమిషానికి 1500 చుట్లు, 5 హార్స్‌పవర్. మొక్కజొన్నకు తడులు కట్టే రోజుల్లో డెల్టా కాలవకట్టల మీద టపటపలాడేది ఎక్కువగా ఇలాంటిదే.

కృష్ణా పశ్చిమ కాలవ దుగ్గిరాల లాకుల దగ్గర చీలుతుంది. కొమ్మమూరు కాలవ ఇక్కడినుంచే బయల్దేరుతుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినప్పటినుంచి ఈ నేలకు నీళ్లు పల్లం వెతుక్కుంటూ వాటంతటవే వచ్చాయి. వరికి అది చాలింది. వరి కోసిన చేలో దున్నకుండానే మొక్కజొన్న పెట్టడం అలవాటయ్యాక, కాలవ తగ్గిన రోజుల్లోనూ తడి కావలసి వచ్చింది. ఇక కాలవలోంచో మురుగు కాలవలోంచో తోడుకోక తప్పలేదు. మేస్త్రీ షెడ్డు బతికేది ఆ తోడుడు మీదే. మేనల్లుడు బాపట్ల వ్యవసాయ ఇంజినీరింగు కళాశాలలో చదివి వచ్చాడు.

రైతు కోరిక చిన్నది. నీళ్లు చాలడం లేదు, వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ స్ప్రింగు కాస్త బిగించి ఇంజన్ జోరు పెంచమన్నాడు. మేస్త్రీ బిగించనన్నాడు. అల్లుడు అసలు ఇంజనే వద్దన్నాడు.

అల్లుడు: స్ప్రింగు సంగతి తర్వాత మావయ్యా. దీన్ని పాత ఇనుముకి వేసి కరెంటు మోటారు పెట్టుకోమని చెప్పు. లీటరు డీజిల్లో ఉన్న వేడి సుమారు 10 యూనిట్ల కరెంటుకి సమానం. ఈ ఇంజన్ పంపు చేతికి ఇచ్చేది 3 యూనిట్లు కూడా ఉండదు. మిగతా ఏడూ ఏమైనట్టు?

మేస్త్రీ: చెయ్యి పెట్టి చూడు, నీకే తెలిసిద్ది. సైలెన్సరు మీద పెట్టబోకు, కాలుద్ది.

అల్లుడు: నేను చెప్పేదీ అదే. దాదాపు సగం సైలెన్సరులోంచి, సగం చల్లబరిచే నీళ్లలోంచి పోతోంది. మోటారైతే తీసుకున్న కరెంటులో నూటికి 85 వంతులు పనిగా మారుస్తుంది. ఎక్కడ 85, ఎక్కడ ఈ ఇంజన్ 29!

మేస్త్రీ: మోటారుకి కరెంటు ఎక్కణ్ణించి వచ్చిద్ది? మనకి దగ్గరైంది ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను. అక్కడ బొగ్గు కాల్చి, నీళ్లు కాచి, ఆవిరితో చక్రం తిప్పుతారు. ఆ బొగ్గులో వేడి ఎంతమేర కరెంటయిద్ది?

అల్లుడు: 35 శాతం చుట్టుపక్కల.

మేస్త్రీ: తీగల్లో ఎంత పోద్ది?

అల్లుడు: పదో వంతు అనుకో.

మేస్త్రీ: ఇప్పుడు నీ మోటారు 85తో గుణించు.

అల్లుడు: …దాదాపు 27.

మేస్త్రీ: నా ఇంజన్ 29 అన్నావుగా. మరి ఎవరిది పాత ఇనుము? నిప్పు నీ కంటికి కనపడకుండా ఏటి అవతల పెట్టారు, అంతే తేడా. పొయ్యి దూరంగా ఉంటే పొగ లేనట్టేనా?

(మేస్త్రీ ఈ దెబ్బ చాలాసార్లు కొట్టి అలవాటైనవాడిలా కొట్టాడు. లెక్క తప్పేం కాదు. వేడిని పనిగా మార్చే ఏ యంత్రమైనా, ఆవిరిదైనా చమురుదైనా, వేడిలో కొంత చల్లటి వైపుకి వదలక తప్పదు. 1824లో సాదీ కార్నో అనే ఫ్రెంచి ఇంజినీరు తేల్చిన సంగతి ఇది. మనవాళ్ల ఇంజన్ మీద నేరం మోపాలంటే ముందు ప్రకృతి మీద మోపాలి.)

అల్లుడు: నీ లెక్క ఒప్పుకుంటా, కానీ సగమే. కరెంటంతా బొగ్గుదే కాదు. శ్రీశైలంలో నీళ్లది, కర్నూలు పార్కులో ఎండది. ఆ ఒక్క పార్కే 1000 మెగావాట్లు. వాటికి పొగగొట్టం లేదు. పైగా 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. రైతు జేబు చూడు.

మేస్త్రీ: చూస్తున్నా. ఈయనకి చేను ఇక్కడొకటి, కొల్లిపర దారిలో కౌలుదొకటి. ఇవాళ కాలవ, రేపు మురుగు కాలవ. స్తంభం ఈయన వెంట నడిచొచ్చిద్దా? సంవత్సరంలో పట్టుమని కొన్ని రోజుల తడికి కాలవకట్ట మీద ట్రాన్స్‌ఫార్మరు పెట్టిస్తావా? బోరున్నచోట మోటారే మేలు, నేను కాదన్లా. ఇక్కడ ఇంజన్ని బండిలో వేసుకుపోవాలి.

అల్లుడు: సరే, ఈ చేనుకి ఇంజనే అనుకుందాం. అయినా 29 చూస్తే నాకు సిగ్గే. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గులో తన ఇంజన్ని పరీక్షకి పెడితే ప్రొఫెసర్ ష్రోటర్ కొలిచి 26 శాతం అని తేల్చాడు. మామూలు ఆవిరి యంత్రాలు దాంట్లో సగం కూడా అందుకోలేక ఆయాసపడుతున్న కాలం అది.

మేస్త్రీ: అంటే నూట పాతికేళ్ల పైన చదివి మీరు పెంచింది 3 శాతమా? బాపట్లలో మీకు నేర్పింది ఇదా?

అల్లుడు: ఆయనది 20 హార్స్‌పవర్, దాని బరువు నాలుగున్నర టన్నులు. సిలిండరు లోపలి కొలత దాదాపు 20 లీటర్లు. నీదేమో 553 ఘన సెంటీమీటర్లు, అర లీటరు పైచిలుకు. ఆయన లీటరుకి ఒక గుర్రం పుట్టిస్తే ఇది తొమ్మిది పుట్టిస్తోంది. ఇంజన్ చిన్నదయ్యేకొద్దీ లోపలి మంటకి గోడ దగ్గరవుతుంది, వేడి ఇనుములోకి ఇంకిపోతుంది. ఓడల్లో వాడే పెద్ద డీజిలు ఇంజన్లు నిమిషానికి ఓ వంద చుట్లే తిరిగి 50 శాతం దాటుతున్నాయి. అంత పెద్దదాన్ని నువ్వు బండిలో వేసుకుపోలేవు.

మేస్త్రీ: అది చెప్పు ముందు. మోసుకుపోయే సుఖానికి డీజిల్లో కడుతున్నాం బాడుగ.

(ఈ మాట దగ్గర అల్లుడు కాసేపు మాట్లాడలేదు. వాళ్ల కాలేజీ ల్యాబులో నిలబెట్టిన ఇంజను, మావయ్య షెడ్డులో విప్పి పడేసిన ఇంజను ఒకే మోడలని అతనికి తెలుసు. దేశంలో ఎన్నో ఇంజినీరింగు ల్యాబుల్లో 80 మిల్లీమీటర్ల సిలిండరు, 110 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఈ కిర్లోస్కర్ రకమే పిల్లలకి గురువు. అక్కడ గాజు గొట్టంలో డీజిలు దిగే వేగాన్ని స్టాప్‌వాచీతో కొలుస్తారు. ఇక్కడ మేస్త్రీ చెవితో కొలుస్తాడు.)

రైతు: నా ఇంజన్ పొద్దున హ్యాండిల్ కొడితే అంటుకోటం లా మేస్త్రీ. అది కూడా చూడు.

మేస్త్రీ: కంప్రెషన్ తగ్గింది. ఫ్లైవీల్ చేత్తో తిప్పితే బిగువుగా ఎదురు తన్నాల. నీది మెత్తగా జారుతోంది. వాల్వులు గ్రైండింగ్ చెయ్యాల, రింగులు చూడాల.

అల్లుడు: కంప్రెషన్ పోతే అంటుకోకపోవడం ఎందుకో ఈయనకి చెప్పు మావయ్యా. నువ్వు చెప్తే అర్థమవుతుంది.

మేస్త్రీ: సైకిలు పంపు మూతి వేలితో మూసి గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టు. గొట్టం వేడెక్కుద్ది. గాలిని నలిపితే కాగుద్ది, అంతే. పెట్రోలు బండికి ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తది. దీనికి ప్లగ్గు లేదు. నలిగిన గాలే నిప్పు.

అల్లుడు: ఎంత నలుగుతుందంటే, అర లీటరు పైన ఉన్న గాలి 36 ఘన సెంటీమీటర్ల సందులోకి పోతుంది. పదహారున్నర వంతుల్లో ఒక వంతు. పీడనం బయటి గాలికి 40 రెట్లు దాటుతుంది, వేడి 550 డిగ్రీలకి వస్తుంది. డీజిలు తనంతట అంటుకోడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. కానీ రింగుల పక్కనుంచి గాలి జారిపోతే, చలి పొద్దున ఇనుము వేడిని లాగేస్తే, ఆ సగమూ మిగలదు.

రైతు: పెట్రోలుని కూడా అంత నలపొచ్చుగా?

అల్లుడు: అందులో పెట్రోలూ గాలీ ముందే కలిసి ఉంటాయి. అంత నలిపితే రవ్వ పడకముందే ఎక్కడపడితే అక్కడ పేలి పిస్టన్ తల పగులుతుంది. అందుకే పదింతలు, పదకొండింతల దగ్గర ఆపుతారు. డీజిలు ఇంజన్లో నలిగేది ఉత్త గాలే. నూనె చివర్లో పడుతుంది. ఎక్కువ నలిపితే మంట ఎక్కువ దూరం వ్యాకోచిస్తుంది, ఎక్కువ పని చేస్తుంది. డీజిలుకి మైలేజీ రావడంలో పెద్ద వాటా దీనిదే.

మేస్త్రీ: చివర్లో పడటమే అసలు విద్య. నేను నాజిల్ని ఎందుకు అన్నిసార్లు విప్పుతానో ఇప్పుడు చెప్పు.

అల్లుడు: నిండు లోడు మీద గంటకి లీటరు పైన తాగుతుంది. రెండు చుట్లకి ఒకసారి చొప్పున నిమిషానికి 750 సార్లు నూనె చిమ్మాలి. లెక్కేస్తే ఒక్కోసారి పడేది 20 మిల్లీగ్రాములు, ఒక నీటిచుక్కలో సగం. ఆ సగం చుక్కని మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని మూడు రంధ్రాల్లోంచి, గాలి పీడనానికి 200 రెట్ల ఒత్తిడితో తోస్తే పొగమంచులా విడిపోతుంది. పిస్టన్ పైకి ఇంకా రాకముందే, 23 డిగ్రీలు ఉండగానే చిమ్మడం మొదలవ్వాలి. ఆ 23 డిగ్రీలు తిరగడానికి పట్టేది సెకనులో సుమారు నాలుగు వందలో వంతు. ఆలోపు నూనె ఆవిరై, గాలిలో కలిసి, అంటుకోవాలి.

మేస్త్రీ: అది ఆలస్యమైతే మంట సైలెన్సరులో మండుద్ది, జోరు ఉండదు. ముందైతే ఎక్కే పిస్టన్ని ఎదురుగా తన్నుద్ది, టకటక మోత. డీజిలు పంపు కింద షిమ్ము ఒకటి తీసినా వేసినా ఆ డిగ్రీలు మారతయ్యి. నాజిల్ చిమ్మకుండా కారిందనుకో, ఆ సగం చుక్క కాలదు. పొగ నలుపెక్కుద్ది. నల్లపొగ అంటే డీజిలు, నీలం పొగ అంటే ఇంజనాయిలు, పొద్దున పూట తెల్లపొగ అంటే కంప్రెషన్ లేక అంటుకోని నూనె. నాకు ల్యాబు అక్కర్లా.

అల్లుడు: నల్లపొగ వచ్చేసరికి అప్పటికే నష్టం జరిగింది మావయ్యా. నా ల్యాబు అంతకుముందే చెప్తుంది.

మేస్త్రీ: పొలంలో గాజు గొట్టం పట్టుకుని ఎవడు కూర్చుంటాడు?

(పొగ సంగతిలో నా ఓటు మేస్త్రీకే, కొంత సవరణతో. డీజిలు ఇంజన్ గాలిని ఎప్పుడూ నిండుగానే పీలుస్తుంది; తగ్గేది పెరిగేది నూనె మాత్రమే. సిద్ధాంతం ప్రకారం కిలో డీజిలు కాలడానికి పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. నిండు లోడు మీద కూడా ఇంజన్ అంతకన్నా బాగా ఎక్కువే పీలుస్తుంది, ఎందుకంటే ప్రతి నూనె తుంపరకీ తన వంతు గాలి వెతుక్కునే వ్యవధి లేదు. నూనె ఇంకా పోస్తే ఆ వెతుకులాట మధ్యలోనే తలుపు తెరుచుకుని మసి బయటికొస్తుంది. ఏ చిన్న ఇంజన్‌కైనా గరిష్ఠ హార్స్‌పవర్ ఎంతో చెప్పేది ఇనుము బలం ఒక్కటే కాదు, ఈ మసి కూడా.)

రైతు: ఇదంతా సరే. స్ప్రింగు బిగిస్తే నీళ్లు పెరుగుతయ్యా లేదా? మా పక్కచేలాయనకి పెరిగినయ్యి.

అల్లుడు: పెరుగుతాయి. 1500 చుట్లని 1650 చేస్తే నీళ్లు మహా అయితే పదో వంతు పెరుగుతాయి. కానీ పంపు అడిగే బలం వేగానికి ఘనంలో పెరుగుతుంది. వేగం పదో వంతు పెంచితే బలం మూడో వంతు ఎక్కువ కావాలి. ఇప్పుడు ముప్పావు లోడు మీద నడుస్తున్న ఇంజన్ నిండు లోడుకి పోతుంది.

మేస్త్రీ: కాగితం మీద నిండు లోడు. రింగులు అరిగిన దీనికి అది పొర్లిపోవటం. అందుకే బిగించనన్నా. గవర్నర్ గుండ్లు తిరిగే జోరుకి విచ్చుకుని నూనె కోత పెడతయ్యి. స్ప్రింగు వాటిని వెనక్కి లాగి పట్టుకుంటది. ఆ రెండిటి తూకం కంపెనీవాడు ఊరికే పెట్టలా.

(ఇంతసేపటికి మామా అల్లుళ్లు ఒక్క మాట మీద నిలబడ్డారు. రైతు ముఖం మాత్రం వెలగలేదు.)

రైతు: పోనీ 8 హార్స్‌పవర్ కొంటే?

మేస్త్రీ: అది మాట. పెద్ద ఇంజన్ ఆయాసం లేకుండా నడుస్తది, రింగులు ఎక్కువ కాలం ఆగుతయ్యి.

అల్లుడు: మళ్లీ తప్పు. ఉత్తినే తిరగడానికే ఇంజన్ నిండు లోడులో తాగే డీజిల్లో దగ్గర దగ్గర మూడో వంతు తాగుతుంది. రింగుల రాపిడి, బేరింగులు, వాల్వులు, పంపులు. ఆ కూలి పని ఉన్నా లేకపోయినా ఇవ్వాలి. ఈ చేనుకి కావలసింది మూడున్నర హార్స్‌పవర్. 8 పెడితే సగం లోడు కూడా లేదు. పెద్ద ఇనుము తిప్పిన కూలి మాత్రం నీ డబ్బాలోంచే పోతుంది. ఏ ఇంజనైనా బాగా పనిచేసేది ముప్పావు పైన, నిండుకి కాస్త లోపల.

మేస్త్రీ: ఎప్పుడూ ముప్పావు పైన నడిపితే రెండు సీజన్లకే నా షెడ్డుకి వస్తది.

అల్లుడు: వస్తే నీకేం నష్టం?

మేస్త్రీ: నోరు చూడు. నాకు రిపేరు డబ్బులు వస్తయ్యి, నిజమే. తడి మధ్యలో ఆగితే ఈయన చేను ఎండుద్ది. డీజిలు లెక్కలో ఆ ఎండటం ఎక్కడ రాసుకున్నావ్?

అల్లుడు: …రాసుకోలేదు. అన్నా, ఎకరం తడపడానికి నీకు ఎంత డీజిలు పడుతోంది?

రైతు: నాలుగు లీటర్లు. ఒక్కోసారి పైన.

అల్లుడు: ఇదిగో, నా తగువు ఇక్కడ. ఎకరానికి రెండంగుళాల తడి అంటే 200 ఘన మీటర్ల నీళ్లు. కాలవలోంచి 3 మీటర్లు ఎత్తడానికి, ఇంజన్ 29 శాతం, పంపు సగం సామర్థ్యం వేసుకున్నా లీటరుంపావు లోపల అయిపోవాలి. నీకు నాలుగు. ఇంజన్లో పోయే ఏడు యూనిట్ల గురించి పొద్దున్నుంచీ అరిచాను. అది తిరిగి రాదు. ఈ రెండుంముప్పావు లీటర్లు మాత్రం ఇంజన్ దాటాక పోతున్నాయి, వీటిని వెనక్కి తేవచ్చు. పైపు ఎంత పొడుగు?

రైతు: అరవై మీటర్లు ఉంటది. మూడంగుళాలది.

అల్లుడు: అయిపోయింది. సెకనుకి 12 లీటర్లు తోస్తే మూడంగుళాల పైపులో వంద మీటర్లకి రాపిడి ఒక్కటే 10 మీటర్ల ఎత్తుతో సమానం. నీ అరవైకి 6. ఎత్తేది 3, రాపిడి 6. నువ్వు కాలవలోంచి కాదు, మేడ మీదికి తోడుతున్నావు. నాలుగంగుళాల పైపైతే ఆ 6 కాస్తా ఒకటిన్నర అవుతుంది. వెడల్పు మూడో వంతు పెరిగితే రాపిడి నాలుగో వంతుకి పడిపోతుంది.

మేస్త్రీ: ఇందాకటినుంచీ ఈ మాట చెప్పకుండా కర్నూలు ఎండ దాకా పోయావేంట్రా?

అల్లుడు: నువ్వు ఇబ్రహీంపట్నం పోయావుగా, నేను కర్నూలు పోయా.

మేస్త్రీ: ఇంకోటి కూడా ఉంది. ఈయన పైపు మూతిని బోదె గట్టు మీద అడ్డకర్ర కట్టి పైకి లేపుతాడు, నీళ్లు దూకటం కంటికి ఇంపుగా ఉంటదని. ఆ ఎత్తంతా దండగే. మూతి బోదెలో నేల మీద పడుకోబెట్టాల. ఫుట్‌వాల్వు జల్లెడకి నాచు పట్టి ఉంటది, అదీ కడగాల. పంపు గ్లాండులో గాలి పీలుస్తుంటే తాడు మార్చాల. వీటికి నేను డబ్బులు తీసుకోను, అందుకే ఎవరూ వినరు.

రైతు: నాలుగంగుళాల పైపు అరవై మీటర్లంటే మాటలా? కౌలు చేనుకి అంత పెడతానా? నేను ఒక్కణ్ణే చుట్టి మోయగలనా దాన్ని?

అల్లుడు: తడికి రెండు లీటర్లు మిగిలితే ఎన్ని తడుల్లో ఆ డబ్బు తిరిగొస్తుందో కూర్చుని వేద్దాం. అంత పెట్టలేకపోతే పొడుగు తగ్గించు. పైపు సగమైతే రాపిడీ సగం. మీ చేను మలుపు తిరిగి ఉంది కదా, ఇంజన్ని అవతలి వైపు మురుగు కాలవ గట్టు మీద పెడితే ముప్ఫయి మీటర్లలో అయిపోతుంది. ఖర్చు లేదు, మోత లేదు.

మేస్త్రీ: ఆ గట్టు ఈయన బావమరిదిదిరా. పొలం పంపకాల దగ్గర్నుంచీ మాటల్లేవు.